కన్నాలు పెట్టిన డబ్బాలు

చోడవరంలో నేను పనిచేసే రక్తపరీక్షల గదికి పొద్దున్న ఏడింటికే జనం వచ్చేస్తారు. పరగడుపున రమ్మంటాం కాబట్టి, టీ చుక్క పడని చిరాకంతా నా మీద చూపిస్తారు. "ఎంతసేపమ్మా, కళ్ళు తిరుగుతన్నాయి" అంటారు. నేనూ తక్కువదాన్ని కాదు. "నిన్న పెళ్ళిభోజనం కాడ తిరగనేదేటి కళ్ళు?" అంటూనే సూది దించేస్తాను. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. చెయ్యి పట్టుకోగానే నరం ఎక్కడుందో తెలిసిపోతుంది. మనిషిని చూడగానే షుగర్ ఉందో లేదో కూడా చెప్పగలనని నాకో గొప్ప ఉండేది.

నా దృష్టిలో షుగర్ అంటే పొట్ట, కుర్చీ ఉద్యోగం, స్వీట్ల పెట్టె. కానీ ఈ నాలుగైదేళ్ళుగా నా ముందు కూర్చుంటున్నవాళ్ళు అలా లేరు. రావికమతం వైపు నుంచి, బుచ్చయ్యపేట వైపు నుంచి ఆటోల్లో వచ్చే చెరుకు రైతులు. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేని మనుషులు. తెల్లారితే పొలంలో ఉండేవాళ్ళు. "నాకెందుకొచ్చిందమ్మా, నాను తిన్నదేటి?" అని అడుగుతారు. "బెల్లం కాడే కదా మీ బతుకంతా, ఏలు ముంచి నాక్కుండా ఉంటారేటి?" అని ఆటపట్టించి పంపేసేదాన్ని. ఎంత తేలిగ్గా అనేశానో తలుచుకుంటే ఇప్పుడు నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మాదీ చెరుకే. అత్తవారిది చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే దారిలో ఒక ఊరు. ఆటో దిగి పది నిమిషాలు నడిస్తే ఇల్లు, ఇల్లు దాటగానే చెరుకు, చెరుకు మధ్యలో బావి. మా ఆయన, అత్త, పదహారేళ్ళ మా అమ్మాయి, నేను. చలికాలం వస్తే పొలంలోనే బెల్లం వండుతాం. చెరుకు రసం పెనంలో మరిగి చిక్కబడుతున్నప్పుడు, అమ్మకానికి వెళ్ళే బెల్లంలో ఒక తెల్ల పొడి కలుపుతారు. కలిపితే బెల్లం పచ్చగా మెరుస్తుంది. కలపకపోతే నల్లగా ఉంటుంది, నల్లబెల్లాన్ని బజారులో ఎవరూ ముట్టుకోరు. ఆ పొడి మంచిది కాదని మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అందుకే ప్రతి ఇల్లూ ఒక పెనం పాకం విడిగా, పొడి తగలకుండా, తమకోసం వండుకుంటుంది. దాన్ని ఇంటి బెల్లం అంటాం. గట్టిపడకముందే, జారుగా ఉన్నప్పుడే దింపేసి డబ్బాల్లో పోసుకుంటాం. ఏడాది పొడుగునా పాలల్లోకి, అట్లల్లోకి, జ్వరం వచ్చి చేదెక్కిన నోటికీ అదే.

ఆ డబ్బాల సంగతి చెప్పాలి. చెరుకులో కలుపు చావడానికి కొట్టే గడ్డి మందు తెల్లటి గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తుంది. బిగుతైన మూత, పట్టుకోవడానికి పిడి. చీమ దూరదు, కింద పడినా పగలదు. అలాంటి డబ్బాను పారేసే కోడల్ని మా వైపు ఒళ్ళు కొవ్వినదాని కింద జమకడతారు. వాటిని కడగడం మా అత్తకి పెద్ద తతంగం. మొదట బూడిద, తర్వాత చింతపండు, తర్వాత మరిగే నీళ్ళు, ఆ పైన మూడు రోజుల ఎండ. చివర్న మూతి దగ్గర ముక్కు పెట్టి గుండెల నిండా పీలుస్తుంది. వాసన లేకపోతే "పాసు" అంటుంది. ఉంటే మళ్ళీ బూడిదే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా ముక్కు మీద నమ్మకం లేక, నేను పీల్చినదాన్ని తనూ పీల్చి చూసేది. మూడో ఏడు ఆ పని పూర్తిగా నాకు ఒప్పజెప్పింది. ఎంత పొంగిపోయానో! నా డబ్బాలు అందరి డబ్బాలకన్నా తెల్లగా ఉండేవి. ఆడపడుచులు, తోటికోడళ్ళు అడిగి మరీ పట్టుకెళ్ళేవారు. పెనం మీంచి దింపిన పాకాన్ని కాస్త ఆరనిచ్చి, ఇంకా చెయ్యి కాలే వేడి మీదే వాటిలో పోసి మూత బిగించేదాన్ని. వేడి మీద పోస్తే బూజు పట్టదు. అదీ అత్త నేర్పిందే.

మా అమ్మాయికి పాలు మాన్పించిన దగ్గర్నుంచి ఆ పాకమే పెట్టాను. బజారు చాక్లెట్లు ముట్టనివ్వలేదు. రంగు డ్రింకుల సీసా మా గడప దాటలేదు. లాబ్‌లో కూర్చుని పక్కవాళ్ళ పిల్లల తిండి గురించి క్లాసులు పీకేదాన్ని.

కిందటి బెల్లం రోజుల్లో దాని మెడ వెనక నల్లటి చార చూశాను. మురికి అనుకున్నాను. ఇంటర్ చదువుతున్న పిల్ల, సరిగా తోముకోవడం కూడా రాదా అని ఒళ్ళు మండింది. ఆదివారం పెరట్లో కూర్చోబెట్టి సున్నిపిండితో రుద్దాను. చార పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాను. చర్మం ఎర్రబడింది గానీ నలుపు నలుపుగానే ఉంది.

"అమ్మా, వదిలీ! అది మురికి కాదు. మండుతంది" అని ఏడ్చింది.

రోజూ రోగుల మధ్య తిరిగేదాన్ని, ఆ చార షుగర్‌కి ముందస్తు గుర్తని వారం రోజులకి గానీ తట్టలేదు. తట్టిన పొద్దున్న దాన్ని కాలేజీకి వెళ్ళే ముందు లాబ్‌కి తీసుకెళ్ళి, పరగడుపున నా చేత్తోనే రక్తం తీశాను. రిపోర్టు ప్రింటర్లోంచి వస్తుంటే పేరు మాత్రమే కనబడి అంకె కనబడకుండా కాగితాన్ని వేలితో మూశాను. తర్వాత వేలు తీశాను. షుగర్ ఇంకా రాలేదు. వచ్చే దారిలో ఉంది. గీతకి ఇవతలే, కానీ గీతని ఆనుకుని.

లాబ్ పక్క గదిలో ఒక డాక్టరమ్మ కూర్చుంటుంది. ఈ ప్రాంతం మనిషి కాదు, వచ్చి ఏడాదయింది. పిల్ల మెడ చూసింది, బరువు చూసింది, తిండి గురించి అడిగింది. "కూల్‌డ్రింకులు ఎక్కువ తాగుతుందా?" అనేసరికి నాకు రోషం పొడుచుకొచ్చింది.

"మాది బజారు తిండి కాదు మేడమ్. మా ఇంట్లో పంచదార కూడా ఉండదు. అంతా పొడి కలపని ఇంటి బెల్లమే" అన్నాను.

"బెల్లం కూడా చక్కెరే కదమ్మా" అంది నవ్వుతూ.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. మర్నాడు ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఒక డబ్బా పాకం తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాను. సాక్షిని తెచ్చినట్టే తెచ్చాను. "రుచి చూడండి మేడమ్, అప్పుడు తెలుస్తాది" అన్నాను.

ఆమె మూత తియ్యలేదు. డబ్బాను తిప్పింది. పిడి కింద, బూడిదకీ చింతపండుకీ లొంగని ఒక కాగితం పేలిక అతుక్కుని ఉంది. విషం మందుల మీద ఉండే పసుపు రంగు త్రికోణం, సగం.

"ఇది గడ్డి మందు డబ్బా కదూ?"

"అవునండి. కానీ కడిగేసేం. మూడు రోజులు ఎండలో పెట్టేం. వాసన సూడండి, అస్సలుండదు."

నేను గర్వంగానే చెప్పాను. ఆమె డబ్బాను బల్ల అంచుకి జరిపింది.

"ఎన్నాళ్ళుగా వాడుతున్నారు?"

"నా పెళ్ళికి ముందు నుంచీ."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "వాసన పోయినంత మాత్రాన మందు పోదమ్మా. ప్లాస్టిక్ దాన్ని పీల్చుకుంటుంది. మళ్ళీ వేడిది పోస్తే కొద్దికొద్దిగా వదులుతుంది" అంది. ఇలాంటి మందులు కొన్ని ఏళ్ళ తరబడి ఒంట్లోకి వెళ్తుంటే ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతాయని, లావు లేనివాళ్ళకీ షుగర్ ముప్పు పెరగొచ్చని చెప్పింది. నా కళ్ళ ముందు ఆ బక్క రైతులు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

"అయితే దీనివల్లేనా మేడమ్?"

"చెప్పలేను. బెల్లం తీపి వల్ల కావచ్చు. వంశంలో ఉండొచ్చు. నీళ్ళ వల్ల కావచ్చు. అన్నీ కలిసి కావచ్చు. ఇదని వేలు పెట్టి చూపించే పరీక్ష మన దగ్గర లేదు. తీపి మానిపించు, నడిపించు, ఆ డబ్బాలు తీసెయ్. మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం."

జీవితమంతా పరీక్షలు చేసి అంకెలు చేతిలో పెట్టేదాన్ని. నాకు కావాల్సిన ఒక్క అంకెకీ పరీక్ష లేదట.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. ఆవిడ గుడ్లప్పగించి విన్నది. "నా సేత్తో బూడిదెట్టి తోమేను. నా ముక్కుతో సూసేను. నాను నా మనవరాలికి మందెట్టేనంటావేటే?" అంది. తెలీక నువ్వూ పెట్టావు, నేనూ పెట్టానని చెప్పాను. ఆవిడకి మొదటి సగమే వినబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

మా ఆయన దగ్గర ఇంకో రకం. "మందు కొట్టడం మానెయ్యండి, కనీసం బావి చుట్టూరా" అన్నాను.

"మానీసి? గడ్డి ఎవుడు పీకుతాడు? కూలోలు వస్తన్నారేటి? నాను మానీసినా పక్కోడు మానడు. వాన పడితే ఆడి మడిలో నీరు మన మడిలోకి రాదేటి?" అన్నాడు. తప్పు పట్టడానికి అందులో ఒక్క ముక్క లేదు. ఆయన చేతులకేసి చూశాను. ఇరవై ఏళ్ళుగా తొడుగు లేకుండా ఆ మందు కలుపుతున్న చేతులు. "మీకూ టెస్ట్ చేస్తాను" అన్నాను. "ఇంట్లో ఒక షుగరు చాలదేటి, ఇంకోటి కావాలా?" అని తుండు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ముందు మా ఇంటి డబ్బాలు తీశాను. తర్వాత నేను పంచినవి. అదే పెద్ద శిక్ష. మా వైపు ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు, ఏదో ఒకటి పోసి ఇవ్వాలి. రావికమతంలో ఆడపడుచు ఇంటికెళ్ళి, "వదినా, ఆ డబ్బా ఓసారి ఇచ్చీవా" అంటే, ఇచ్చినదాన్ని అడుక్కోవడానికి వచ్చానని ముఖం మాడ్చుకుంది. కారణం చెప్పాను. "ఇన్నాళ్ళూ తిన్నాం, ఏటైపోయేం?" అంది. అయినా ఉత్తి డబ్బా ఇస్తే పరువు తక్కువ కదా, దాని నిండా ఉలవలు పోసి ఇచ్చింది. వడ్డాదిలో తోటికోడలు జీడిపిక్కలు పోసింది. ఆటోలో ఆ డబ్బాలు నా కాళ్ళ మధ్య పెట్టుకుని, ఆ ఉలవలు ఉడకబెట్టాలో పారబొయ్యాలో తెలియక కూర్చున్నాను. పారబోస్తే ఇచ్చినవాళ్ళకి అవమానం. ఉడకబెడితే మాకు భయం. చివరికి ఎవరూ చూడకుండా గట్టు పక్కన పోసేశాను. రెండో రోజు చూస్తే పక్కింటి కోళ్ళు తింటున్నాయి.

మొత్తం పదకొండు డబ్బాలు పోగయ్యాయి. ఇప్పుడేం చెయ్యాలి? మందులు అమ్మే షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు. కాల్చితే ఆ పొగ మేమే పీల్చాలి. పాతితే ఆ మట్టి కింద మా బావి నీరే. పాత సామాన్లవాడు ఎగిరి గంతేసి పట్టుకెళ్తాడు. కానీ వాడి దగ్గర్నుంచి ఏ ఇల్లాలో తెచ్చుకుని, బూడిదతో తోమి, వాసన చూసి, తన పిల్లకి నీళ్ళు పోసిస్తుంది. ఆ ఇల్లాలు నేనే కదా. అందుకని ఇనప చువ్వ ఎర్రగా కాల్చి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, డబ్బాకి అయిదేసి కన్నాలు అడుగున పొడిచాను. ఇంక వీటిలో ఎవరూ ఏమీ పోసుకోలేరు. కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే మొదటిసారి కాస్త ఊపిరి ఆడినట్టనిపించింది. వాటిని పశువుల పాక వెనక బోర్లించి వచ్చాను.

ఊపిరాడటం ఆ ఒక్క రోజే. ఆ తర్వాత ఎటు చూసినా అదే. బావి నీళ్ళు మానిపించి ప్లాంటు నీళ్ళ డబ్బాలు తెప్పించాను. ఆ వ్యాను రోడ్డు మీద ఎండలో గంటల తరబడి నిలబడి, నీలం డబ్బాలు కాలిపోతూ వస్తాయి. లాబ్‌కి టీ పాలిథిన్ కవర్లో వస్తుంది, కవరు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. హోటల్ సాంబారూ అంతే. ఇదివరకు ఇవన్నీ నాకు కనబడేవి కాదు. కనబడటం మొదలయ్యాక కళ్ళు మూసుకునే చోటు దొరకలేదు. నేను ఒక ద్వారం మూస్తే, ఇంకో ద్వారం దగ్గర నేనే నిలబడి లోపలికి రమ్మంటున్నట్టు ఉండేది.

దీని మధ్య మా అమ్మాయి నలిగిపోయింది. కంచంలో ఏముందో చూస్తాను, నీళ్ళ సీసా వాసన చూస్తాను, మెడ మీద జుట్టు పక్కకి తీసి చార చూస్తాను. ఒకరోజు ఆటోలో, అందరి ముందూ, నా చెయ్యి తోసేసింది.

"అమ్మా, నన్ను మనిషిలాగ సూడు. రిపోర్టులాగ సూడకు" అంది.

కిందికి దిగాక కూడా ముందు ముందు నడిచింది. నేను వెనక నడుస్తూ, జడ కింద కనబడీ కనబడని ఆ చారనే చూశాను. నాకు సిగ్గేసింది, అయినా చూశాను.

అయితే పిల్ల మాట వింది. తీపి మానేసింది. సాయంత్రాలు గట్టు మీద నడిచింది. పుట్టినరోజు నాడు స్నేహితులు తెచ్చిన కేకు ముక్క కూడా వాసన చూసి పక్కన పెట్టేసింది. మూడు నెలలు గడిచాయి. శనివారం మళ్ళీ నేనే రక్తం తీశాను. నేను నరం కోసం వెతుకుతుంటే అదే అంది, "గుచ్చీ అమ్మా, నొప్పెట్టదులే" అని.

అంకె తగ్గలేదు. పిసరంత పెరిగింది కూడా. డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. "మూడు నెలలే కదా, ఇంకా గీత దాటలేదు, కొనసాగించండి" అంది. నాకు మాత్రం ఒకటే ప్రశ్న. తీపి లేదు, డబ్బాలు లేవు, బావి నీళ్ళు లేవు. మరి ఎక్కణ్ణుంచి? పిల్ల అడక్కుండానే నా ముఖం చూసి తెలుసుకుంది. ఆటోలో నా భుజం మీద తల పెట్టి పడుకుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. మూడు నెలలుగా ముభావంగా ఉన్న అత్త ఆ రోజు తనే వడ్డించింది. వేడి అన్నంలో పచ్చటి కొత్తిమీర పచ్చడి. నేను రెండు ముద్దలు తిన్నాను. నిజంగా బాగుంది. ఆవిడతో మాట కలపడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదని, "ఎంత బాగుంది అత్తా. ఎక్కడిది కొత్తిమీర? సంతలోదేనా?" అన్నాను.

అత్త ముఖం వికసించింది. నా పెళ్ళయ్యాక ఆ ముఖం అంత సంతోషంగా నేను రెండు మూడు సార్లే చూసుంటాను.

"సంతలోదేటి! సంతలోదానికి మందు కొడతారు. నువ్వు మందు మందని బెంగెట్టుకుని సిక్కి సగమైపోయేవు. అందుకే ఈ పిల్లగుంట కోసమని నాను సొంతంగా ఏసేను. సుక్క మందు కొట్టనేదు. పెంటెరువు, అంతే. రెండో కోత ఇది. నువ్వు పనికెళ్ళిపోయేక రోజూ దీనికి సారులో, పచ్చట్లో ఇదే ఏస్తన్నాను."

"ఎక్కడేసేవత్తా?"

కంచంలోని పచ్చడికేసి చూశాను.

"ఇంకెక్కడ, పాక ఎనకాల. నువ్వు కన్నాలెట్టిన డబ్బాల్లోనే. పైన కోసీసి మట్టి పోసేను. కన్నాలున్నాయి కదా, నీరు నిలవదు, మొక్కల ఏరు కుళ్ళదు. మంచి పని సేసేవే."

మూడు నెలలుగా నేను కన్నెత్తి చూడని పాక వెనక భాగం కిటికీలోంచి కనబడుతోంది. పదకొండు తెల్ల డబ్బాలు వరసగా, గుబురుగా పచ్చగా ఉన్నాయి. నాకు కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆవిడ నన్ను గెలవడానికి చెయ్యలేదు. మూడు నెలలు నోరు మూసుకుని, నడుం వంగిపోయిన ముసలిది బిందెలతో నీళ్ళు మోసి పెంచింది. దీనివల్లే అంకె తగ్గలేదని చెప్పడానికి కూడా నా దగ్గర ఏ పరీక్షా లేదు.

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మా అమ్మాయి వేళ్ళు నాక్కుని, కంచం మామ్మ వైపు జరిపి, "ఇంకాస్త ఎయ్యి మామ్మా" అంది.